ఉద్యోగం చేస్తూ లాసెట్ రాయాలంటే: సిలబస్ ఎంత ముఖ్యమో సర్టిఫికెట్లూ అంతే

అడిగింది ఇదీ: 2019లో బీకాం అయింది, ప్రైవేటు ఉద్యోగం, పది వారాల్లో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి లాసెట్ (రాష్ట్ర లా కాలేజీల ప్రవేశ పరీక్ష) రాయాలి, చదువు తెలుగు మీడియం. ఏం చదవాలి, అప్లికేషన్ దగ్గర ఏం చూసుకోవాలి? తమ్ముడు ఇంటర్ సెకండియర్, క్లాట్ (నేషనల్ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష) రాస్తానంటున్నాడు. ఇద్దరికీ ఒకే ప్రిపరేషన్ సరిపోతుందా?

చివరి ప్రశ్నకు ముందు జవాబు: సరిపోదు. లాసెట్ మీకేం తెలుసని అడుగుతుంది. క్లాట్ అక్కడికక్కడ చదివి ఏం అర్థం చేసుకున్నారని అడుగుతుంది. తమ్ముడి సంగతి కిందికి వచ్చాక చెబుతాను.

పుస్తకం కొనేముందు మీ మెమోలు బయటికి తీయండి. మూడేళ్ల కోర్సుకు డిగ్రీలో ఓసీలకు 45 శాతం, బీసీలకు 42, ఎస్సీ ఎస్టీలకు 40 శాతం ఉండాలి. మెమోలో శాతం లేకుండా సీజీపీఏ మాత్రమే ఉంటే, దాన్ని శాతంలోకి మార్చిన పత్రం యూనివర్సిటీ నుంచి ఇప్పుడే తెచ్చుకోండి. కౌన్సెలింగ్ వారంలో పరీక్షల విభాగం చుట్టూ తిరగడం ఎవరికీ వద్దు. ఇంకో చిక్కు ఓపెన్ డిగ్రీ వాళ్లది. ఇంటర్ చదవకుండా అర్హత పరీక్ష రాసి నేరుగా ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ చేసినవారికి లా చదువును నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నాటి లీగల్ ఎడ్యుకేషన్ రూల్స్ ప్రకారం లా సీటుకు అర్హత లేదు. పది, ఇంటర్, ఆ తర్వాత దూరవిద్యలో డిగ్రీ అని వరుసగా చేసినవారికి ఈ ఇబ్బంది రాదు. తేడా డిగ్రీ ఎక్కడ చేశారన్నదాంట్లో లేదు, దాని కింద ఇంటర్ మెట్టు ఉందా లేదా అన్నదాంట్లో ఉంది. ర్యాంకు కార్డు వచ్చినంత మాత్రాన అర్హత ఉన్నట్టు కాదు, సర్టిఫికెట్ల పరిశీలనలో ఆపేస్తారు.

ఉద్యోగం సంగతి కూడా తేల్చుకోండి. ఎల్‌ఎల్‌బీ రెగ్యులర్ కోర్సు. ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు ఉండాలి, తగిన కారణం చూపితే 65 దాకా సడలిస్తారు. తరగతులు ఉదయం 8 నుంచి రాత్రి 7 లోపే జరగాలన్నది నియమం, కాబట్టి ఈవెనింగ్ కాలేజీ అన్న మాట నమ్మి ఆఫీసు అయ్యాక వెళ్లొచ్చని లెక్కలేసుకోకండి. 2024 సెప్టెంబరులో బార్ కౌన్సిల్ ఇచ్చిన సర్క్యులర్ బయోమెట్రిక్ హాజరు పెట్టమంది. ఉద్యోగం చేస్తున్న విద్యార్థి ఆ విషయం ప్రకటించి, యజమాని నుంచి నిరభ్యంతర పత్రం ఇవ్వాలనీ చెప్పింది. "కాలేజీకి రాకపోయినా ఫర్వాలేదు" అనే చోటు దొరకొచ్చు. డిగ్రీ చేతికొచ్చి, న్యాయవాదిగా నమోదుకు, అంటే ఎన్‌రోల్‌మెంట్‌కు వెళ్లినప్పుడు దాని బరువు మోసేది మీరే.

ఇక పరీక్ష. 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, కంప్యూటర్ మీద. పార్ట్-ఎ జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ 30. పార్ట్-బి కరెంట్ అఫైర్స్ 30. పార్ట్-సి న్యాయశాస్త్ర అధ్యయన సామర్థ్యం 60. నెగెటివ్ మార్కులు లేవు. అర్హతకు 35 శాతం, అంటే 42 మార్కులు. ఎస్సీ ఎస్టీలకు ఆ కనీసం కూడా లేదు. రెండు రాష్ట్రాల్లోనూ నమూనా ఇదే. సమాన మార్కులు వస్తే మొదట పార్ట్-సి, తర్వాత పార్ట్-బి చూసి ర్యాంకు తేలుస్తారు. అంటే పార్ట్-సిలో ఒక మార్కుకు విలువ రెండుసార్లు.

42తో ర్యాంకు వస్తుంది, కోరుకున్న కాలేజీ రాదు. ఉస్మానియా క్యాంపస్, బషీర్‌బాగ్ పీజీ లా కాలేజీ, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ లాంటివి మనసులో ఉంటే లక్ష్యం 80 పెట్టుకోండి. అది పార్ట్-సిలో 42, బిలో 17, ఎలో 21 వస్తే పూర్తయ్యే లెక్క. ఏ భాగంలోనూ ఆకాశం అందుకోనక్కర్లేదు.

పార్ట్-సికి పది వారాల్లో ఏడు ఇవ్వండి, మొదటి నాలుగూ రాజ్యాంగానికే. తెలుగు అకాడమీ ఇంటర్ సెకండియర్ పౌరశాస్త్రం పుస్తకం దీనికి చక్కటి పునాది, చాలామంది చిన్నచూపు చూస్తారు గానీ. ఒకసారి అది చదివి, తర్వాత అధికరణలు మూలంలో చూడండి. రాజ్యాంగం తెలుగు పాఠం కేంద్ర న్యాయశాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. 12 నుంచి 35 దాకా ప్రాథమిక హక్కులు, 36 నుంచి 51 ఆదేశిక సూత్రాలు, 51-ఎ విధులు, 32, 226 కింద రిట్లు (హక్కుల రక్షణకు కోర్టులు ఇచ్చే ఆదేశాలు), 352, 356, 360 అత్యవసర పరిస్థితులు, 368 సవరణ. ఇవి నిద్రలో అడిగినా చెప్పగలగాలి. అంకెలు మారిన చోట్లే ప్రశ్న పుడుతుంది: విధులు 1976లో పది, 2002లో 86వ సవరణతో పదకొండు. 19వ అధికరణలో స్వేచ్ఛలు మొదట ఏడు, ఆస్తి హక్కును 44వ సవరణ 300-ఎలోకి పంపాక ఆరు.

కేసుల్ని విడివిడిగా బట్టీ పడితే వారంలో పోతాయి. గొలుసులా పట్టుకోండి. గోలక్‌నాథ్, 1967: ప్రాథమిక హక్కుల్ని పార్లమెంటు తగ్గించలేదంది పదకొండు మంది ధర్మాసనం. అప్పుడు ప్రధాన న్యాయమూర్తి మన రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు. దానికి జవాబుగా 1971లో 24వ సవరణ వచ్చింది. దాన్ని పరీక్షించింది 1973 కేశవానంద భారతి, పదమూడు మంది, 7-6. సవరించవచ్చు గానీ మౌలిక స్వరూపాన్ని చెరపకూడదంది. మళ్లీ 1976లో 42వ సవరణ, దాంట్లోని భాగాలను కొట్టేసింది 1980 మినర్వా మిల్స్. ఒకదానికొకటి ఎందుకొచ్చిందో తెలిస్తే నాలుగు ప్రశ్నలకు సరిపడా సమాచారం ఒక్క కథలో ఉంటుంది.

మిగతా మూడు వారాలు కాంట్రాక్టు చట్టం, టార్టులు (ఒప్పందంతో పనిలేకుండా పరిహారం కోరదగ్గ సివిల్ తప్పులు), నేర చట్టం, కొంచెం వినియోగదారుల చట్టం, సమాచార హక్కు. లోతు వద్దు, నిర్వచనాలు కచ్చితంగా కావాలి. టార్టుల్లో ఎప్పుడూ తడబడే జంట ఒకటుంది. మీ టీ కొట్టు పక్కనే ఇంకొకరు టీ కొట్టు పెట్టి తక్కువ ధరకు అమ్మారు, మీ బేరం సగం పడిపోయింది. నష్టం నిజమే, కానీ మీ చట్టబద్ధ హక్కేదీ దెబ్బతినలేదు. దావా నిలవదు. ఇది డామ్నమ్ సైన్ ఇంజూరియా. ఇంకోవైపు ఓటు హక్కున్న మనిషిని అధికారి ఓటు వేయనివ్వలేదు, ఆయన వేయాలనుకున్న అభ్యర్థి ఎలాగూ గెలిచాడు. జేబులోంచి పైసా పోలేదు, హక్కు పోయింది. దావా నిలుస్తుంది. ఇది ఇంజూరియా సైన్ డామ్నో, 1703 ఆష్బీ వర్సెస్ వైట్. లాటిన్ మాటల్ని అర్థంతో కాదు, ఇలాంటి సంఘటనతో గుర్తుపెట్టుకోండి. "ఇంజూరియా" అంటే గాయం అనుకోవడం వల్లే సగం తప్పులు. అది హక్కుల భంగం.

తెలుగు మీడియం వారికి ఒక మాట. ప్రశ్న రెండు భాషల్లోనూ కనిపిస్తుంది. కన్సిడరేషన్‌ను "ప్రతిఫలం" అనీ, ఆఫర్‌ను "ప్రతిపాదన" అనీ, రిట్లలో మాండమస్‌ను "పరమాదేశ", క్వో వారంటోను "అధికార పృచ్ఛ" అనీ రాస్తారు. మీ నోట్సులో రెండు మాటలూ పక్కపక్కన రాసుకోండి, దాదాపు వంద మాటలు చాలు. తెలుగు వాక్యం మెలికపడి అర్థం కాకపోతే అక్కడే కూర్చోకుండా ఇంగ్లీషు వాక్యం చూడండి.

పాత గైడ్లు కొనేవారు ఎక్కువగా దెబ్బతినేది నేర చట్టంలో. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం అమల్లో ఉన్నాయి. ఐపీసీలో 511 సెక్షన్లుంటే న్యాయ సంహితలో 358. హత్యకు శిక్ష 302 కాదు, 103. హత్యాయత్నం 307 పోయి 109. మోసం 420 పోయి 318. దొంగతనం 379 పోయి 303. వరకట్న మరణం 304-బి పోయి 80. భర్త, అత్తింటివారి క్రూరత్వం 498-ఎ పోయి 85. ఎఫ్‌ఐఆర్ 154 నుంచి 173కు మారింది. తమాషా ఏమిటంటే, జనం నోట్లో నానిన "144 సెక్షన్" ఇప్పుడు సురక్షా సంహితలో 163. ఆ సంహితలో 144 అంటే భార్యాపిల్లల మనోవర్తి, అంటే పాత 125. ప్రశ్నపత్రం తయారుచేసేవారికి ఇంతకంటే తీయని చోటు ఉండదు. 2024 తర్వాత సవరించని గైడు ఎంత చవగ్గా దొరికినా వద్దు. సెక్షన్లన్నీ బట్టీ పట్టనక్కర్లేదు, పాత-కొత్త జంటలు పాతిక రాసుకుంటే చాలు.

పార్ట్-బికి రోజుకు ఇరవై నిమిషాలు. పరీక్ష నెలకు ముందు పది నెలలు గట్టిగా చూడాలి, అంతకు ముందువి పైపైన. పేపరులో రాజకీయ నాయకుల తిట్లు, ప్రతితిట్లు వదిలేయండి. నియామకాలు, అవార్డులు, క్రీడలు, రెండు ప్రభుత్వాల పథకాలు, అంతరిక్షం, బడ్జెట్, సుప్రీంకోర్టు తీర్పులు. తీర్పు దగ్గర మూడు ముక్కలు రాసుకోండి: ఎంతమంది ధర్మాసనం, ఏ అధికరణ, ఏం తేల్చింది. అదే ముక్క పార్ట్-సిలోనూ పనికొస్తుంది.

పార్ట్-ఎలో స్థిరమైన జీకే సముద్రం, దాని వెంట పడకండి. మెంటల్ ఎబిలిటీ మాత్రం సాధనతో వచ్చే మార్కు: సిరీస్, కోడింగ్, రక్తసంబంధాలు, దిక్కులు, గడియారం, క్యాలెండర్. క్యాలెండర్ ఎంత సులువో చూడండి. 2025 ఆగస్టు 15 శుక్రవారం, 2026 జనవరి 26 ఏ వారం? ఆగస్టులో మిగిలినవి 16, సెప్టెంబరు 30, అక్టోబరు 31, నవంబరు 30, డిసెంబరు 31, జనవరి 26. మొత్తం 164. ఏడుతో భాగిస్తే శేషం 3. శుక్రవారానికి మూడు కలిపితే సోమవారం. నెలకు నెల శేషాలు (30 రోజుల నెలకు 2, 31 రోజుల నెలకు 3) వేసుకుంటే ఇంకా త్వరగా అవుతుంది.

చివరి మూడు వారాలు పాత ప్రశ్నపత్రాలే. 90 నిమిషాల గడియారం పెట్టి, మొబైల్లో కాదు, కంప్యూటర్ మీద రాయండి. ప్రశ్నకు సగటున 45 సెకన్లు. పార్ట్-సితో మొదలెట్టి 40 నిమిషాల్లో ముగించండి, పార్ట్-బికి 15 చాలు, తెలిసింది తెలుస్తుంది, తెలియంది కూర్చుంటే తెలియదు. మిగతాది పార్ట్-ఎకు. మనుషులు ఆగిపోయేది సీటింగ్ పజిల్ దగ్గర: మూడు నిమిషాలు పెట్టి ఒక మార్కు తెచ్చుకుంటారు, ఆ సమయంలో నాలుగు సులువైనవి వదిలేస్తారు. ఆఖరి రెండు నిమిషాల్లో ఖాళీగా ఉన్నవన్నీ ఏదో ఒకటి నొక్కేయండి. నెగెటివ్ లేదు కాబట్టి పన్నెండు ఖాళీల్లో సగటున మూడు తగులుతాయి. మూడు మార్కులంటే ర్యాంకుల్లో చిన్న దూరం కాదు.

మీ తమ్ముడి సంగతి. క్లాట్ పెట్టేది నేషనల్ లా యూనివర్సిటీల కన్సార్షియం. హైదరాబాద్ నల్సార్‌కు, విశాఖ దగ్గర సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య యూనివర్సిటీకి దారి ఇదే. పరీక్ష సాధారణంగా డిసెంబరు మొదటి ఆదివారం, పెన్నుతో ఓఎంఆర్ మీద, ఇంగ్లీషులో మాత్రమే. రెండు గంటలు, 120 ప్రశ్నలు. తప్పుకు పావు మార్కు పోతుంది. ఇంగ్లీషు 22–26, కరెంట్ అఫైర్స్ 28–32, లీగల్ రీజనింగ్ 28–32, లాజికల్ రీజనింగ్ 22–26, లెక్కలు 10–14. పేరా దాదాపు 450 మాటలు, దాని కింద ప్రశ్నల గుత్తి. అన్నీ కలిపితే రెండు గంటల్లో చదవాల్సింది పదివేల మాటలకు అటూ ఇటూ.

ఒకే విషయం రెండు పరీక్షల్లో ఎలా వస్తుందో చూడండి. లాసెట్లో: "పదిహేడేళ్ల కుర్రాడు వయసు ఎక్కువ చెప్పి యాభై వేలు అప్పు తీసుకున్నాడు. ఆ ఒప్పందం?" చెల్లుతుంది, చెల్లదు, మేజరయ్యాక చెల్లుతుంది, కోర్టు ఇష్టం. జవాబు: మొదటినుంచే చెల్లదు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 11, 1903 మొహరీ బీబీ కేసు. తెలిస్తే పది సెకన్ల పని. క్లాట్లో అదే విషయం మీద పేరా ఇస్తారు: మైనర్ ఒప్పందం చెల్లదు, అయితే అతని స్థాయికి తగిన నిత్యావసరాలు ఇచ్చినవారు అతని ఆస్తి నుంచి ఖర్చు రాబట్టుకోవచ్చు. తర్వాత ప్రశ్న: హాస్టల్ మెస్ బకాయి పడ్డాడు, ఖరీదైన ఫోనూ అప్పుకు కొన్నాడు, అతని పేర ఆస్తి ఏమీ లేదు. ఎవరికి ఏం వస్తుంది? ఫోను వ్యాపారికి రాదు, అది నిత్యావసరం కాదు. మెస్ వాళ్లకు హక్కుంది గానీ అది ఆస్తి మీదే, మనిషి మీద కాదు. ఆస్తి లేదు కాబట్టి వాళ్లకీ చేతికి ఏమీ రాదు. పేరాలోని "అతని ఆస్తి నుంచి" అన్న మాటను జారవిడిచినవాడు "మెస్ వాళ్లకు వస్తుంది" పెట్టేస్తాడు. ఈ పరీక్షలో చట్టం ఎక్కువ తెలిసినవాడు కూడా నష్టపోతాడు, పేరాలో ఉన్నది కాకుండా తనకు తెలిసింది రాస్తాడు గనుక.

అందుకే అతని సాధనలో సగం ఇంగ్లీషు చదవడమే కావాలి. రోజూ రెండు సంపాదకీయాలు, గడియారం పెట్టుకుని, చదివాక రచయిత వాదం ఒక్క వాక్యంలో తెలుగులో చెప్పగలగాలి. చెప్పలేకపోతే చదివినట్టు కాదు. ఓఎంఆర్ బుడగలు పేరా పేరాకూ నింపమనండి, చివర్లో ఒకేసారి అనుకుంటే వరుస తప్పుతుంది. నాలుగింటిలో ఒక్క ఆప్షన్ కచ్చితంగా కొట్టేయగలిగినా జవాబు పెట్టడమే లాభం. పేరానే చదవని ప్రశ్నలకు మాత్రం ఆవేశపడొద్దు. క్లాట్ రాకపోతే ఐదేళ్ల కోర్సుకు లాసెట్ ఉండనే ఉంది, పరీక్ష వేసవిలో కాబట్టి డిసెంబరు తర్వాత రాజ్యాంగం పట్టుకోవడానికి సమయం ఉంటుంది. క్లాట్‌లో బీసీగా అప్లై చేసేటప్పుడు మన రాష్ట్ర బీసీ సర్టిఫికెట్‌తో ఆగకుండా, ఎంచుకున్న యూనివర్సిటీ కేంద్ర నమూనా ఓబీసీ నాన్-క్రీమీలేయర్ అడుగుతోందా చూడండి. నల్సార్, సబ్బవరం రెండింటిలోనూ స్థానిక రిజర్వేషన్ ఉంది, ఆ గడి ఫారంలోనే టిక్ పెట్టాలి.

మళ్లీ మీ దగ్గరికి: లాసెట్ ఫారం. పేరు, పుట్టినతేదీ పదో తరగతి మెమోలో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా. ఆధార్లో వేరేగా ఉంటే ఆధార్ మార్పించుకోండి, మెమోను కాదు. లోకల్ ఏరియా గడి దగ్గర ఊరి పేరు చూసి రాసేయకండి, చదివిన చోటు ముఖ్యం. మూడేళ్ల కోర్సుకు తొమ్మిదో తరగతి నుంచి డిగ్రీ దాకా ఏడేళ్ల స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. చివరి నాలుగేళ్లు వరుసగా ఒకే ప్రాంతంలో చదివితే అక్కడే లోకల్. అలా లేకపోతే ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడుంటే అక్కడ. ఉదాహరణకు తొమ్మిది, పది నెల్లూరులో, ఇంటర్ విజయవాడ హాస్టల్లో, డిగ్రీ తిరుపతిలో. చివరి నాలుగేళ్లు తెగిపోయాయి, ఏడేళ్ల లెక్కలో ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ) ప్రాంతం ఐదు, ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) రెండు. కాబట్టి ఎస్వీయూ లోకల్. రెండు తెలుగు రాష్ట్రాల మధ్య చదువు చీలినవారు మాత్రం ఆ ఏడాది నోటిఫికేషన్‌లో స్థానికత పేరా తప్పక చదవాలి. విభజన చట్టం ఇచ్చిన పదేళ్ల ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్‌తో ముగిసింది. ప్రైవేటుగా చదివిన ఏళ్లకు స్టడీ సర్టిఫికెట్ ఉండదు, బదులుగా తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం కావాలి, దానికి ముందే మీసేవలో పెట్టండి.

ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడిన అగ్రవర్ణాల) సర్టిఫికెట్ ఏ ఆర్థిక సంవత్సరానిది ఆ సంవత్సరానికే. ఫిబ్రవరిలో తీసుకున్నది కౌన్సెలింగ్ నాటికి పాతబడుతుంది, ఏప్రిల్ తర్వాతే అప్లై చేయండి. డిగ్రీ టీసీ ఇంతకు ముందు వేరే కోర్సులో ఇచ్చి ఉంటే అక్కడి నుంచి టీసీ తెచ్చుకోవాలి.

వెబ్ ఆప్షన్లలో (కౌన్సెలింగ్‌లో కాలేజీలను వరుసగా ఎంచుకునే చోట) మనుషులు తెలివి ఎక్కువై దెబ్బతింటారు. కంప్యూటర్ మీ జాబితాను పై నుంచి కిందికి చూస్తూ వచ్చి మీ ర్యాంకుకు మొదట ఖాళీ దొరికిన చోట ఆగిపోతుంది. ఇష్టమైన కాలేజీ "ఎలాగూ రాదులే" అని వదిలేస్తే వచ్చే లాభం సున్నా, పైన పెట్టినందుకు పోయేదీ సున్నా. వెళ్లడం కుదరని కాలేజీని మాత్రం అసలు పెట్టకండి. రెండో విడతలో మొదటి సీటు కంటే మెరుగనుకున్నవే పెట్టండి. అక్కడ కొత్త సీటు వస్తే పాతది దానంతటదే రద్దవుతుంది, తర్వాత బతిమాలినా తిరిగి ఇవ్వరు.